మండ్రగబ్బకి మా నాన్న మొహం

పోయిన వారం మా అమ్మాయి కొడుకు సెలవులకని బెజవాడ నుంచి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే టీవీ ముందు కూలబడి ఒక సినిమా పెట్టాడు. అందులో హీరో ఎగురుతాడు, గోడలు పగలగొడతాడు, చేతుల్లోంచి నిప్పులు కురిపిస్తాడు, వాడితో నాకేం పేచీ లేదు. వాడి మీదికొచ్చినవాడున్నాడే, నిలువెల్లా ఇనపరేకులు తొడుక్కుని, ఏదో గ్రహం నుంచి పనిగట్టుకుని దిగి, భూమిని బూడిద చేసి పోతానంటాడు. వాడికంత కోపం దేనికిరా, మనమేం చేశాం వాణ్ణి, అని అడిగితే మావాడు నా వైపు తిరక్కుండానే "విలన్ అంటే అంతే అమ్మమ్మా" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ మాట నేను చాలా ఏళ్ల కిందట నందిగామ నుంచి వచ్చిన కబురులో ఇంకొకరి మాటగా విన్నాను, అప్పుడూ ఇలాగే ఒళ్లు మండింది. అప్పట్లో ఆ మాట దగ్గరే నా పెళ్లి ఆగిపోయింది మరి.

మా ఈడు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు గాని, మన చిన్నప్పటి బొమ్మల కథల్లో విలన్లు గ్రహాల నుంచి దిగేవాళ్లు కారు, సరిహద్దు దాటి వచ్చేవాళ్లు. ఒక యుద్ధం వేడి చల్లారకముందే ఇంకో యుద్ధం వచ్చిపడిన రోజులవి, అందుకని వీరుడనేవాడికి ఎప్పుడూ శత్రుదేశపు గూఢచారితోనే పని. ఆ దేశం పేరు మాత్రం చచ్చినా రాసేవాళ్లు కాదు, పొరుగుదేశం అనేసి ఊరుకునేవాళ్లు. గూఢచారి అన్నవాడు గుట్టుగా ఉండాలా వద్దా, మీరే చెప్పండి. వీళ్లు గుండు కొట్టించుకుని, ఒక కంటికి నల్లగుడ్డ కట్టుకుని, భుజాల మీంచి మడమల దాకా ఎర్రటి దుప్పటి వేలాడేసుకుని, గొడుగులో ట్రాన్స్‌మీటరూ పంట్లో విషం గుళికా పెట్టుకుని తిరిగేవాళ్లు, పైగా చేయబోయే ఘోరమేమిటో పేజీన్నర సేపు నవ్వుతూ చెప్పేవాళ్లు. అలాంటివాడు మా ఊరి బస్సెక్కితే కండక్టరే పట్టుకుని పోలీసులకి అప్పజెప్పేవాడు, దానికి ఎగిరే వీరుడు దేనికి. ఈ అనుమానం నాకు ఆ వయసులోనే వచ్చింది. ఇంట్లో అడిగితే ఆడపిల్లకి ఆ పుస్తకాలెందుకన్నారు.

అన్నది మా నాన్నగారు. ఆ పుస్తకాలు మా దగ్గర లాక్కుని, కొట్లో గల్లాపెట్టె వెనక దాచుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివేదీ ఆయనే. జగ్గయ్యపేటలో బస్టాండుకి పోయే దారిలో మాకు ఇనపసామాను కొట్టు ఉండేది, మేకులు, గొళ్లేలు, పలుగులు, పారలు, డబ్బాల్లో రంగులు అమ్మేవారు, కొట్టు వెనకే ఇల్లు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ కొట్లోకి తొంగిచూస్తే నాన్నగారు పుస్తకంలో తలదూర్చి, గూఢచారి వంతెన కింద మందుపాతర పెట్టేచోట పెదవి కొరుక్కుంటూ కనిపించేవారు. మేము చదివితే కాలక్షేపం, ఆయన చదివితే శిక్షణ. ఆ తేడా మాకు యుద్ధం వచ్చాక గాని తెలిసిరాలేదు.

డెబ్భై ఒకటిలో యుద్ధం వచ్చినప్పుడు నాన్నగారిని పట్టడం ఎవరి తరమూ కాలేదు. రేడియోలో పట్నాలకి చెప్పిన జాగ్రత్తలన్నీ మా పేటకి కూడా చెప్పినట్టే అని ఆయనే తీర్మానించేశారు. శత్రువు విమానం బెజవాడ మీదికి పోవాలంటే మన మీంచే పోవాలి కదా అని ఆయన వాదన. కొట్లో నల్లరంగు డబ్బాలు విప్పి, గరికపాడు వైపు నుంచి వచ్చే లారీలని ఆపి, హెడ్‌లైట్లకి పై సగం తన చేత్తో తనే ఊరికే రంగు పూసి పంపేవారు. చీకటి పడే వేళకి మెడలో విజిల్ వేసుకుని వీధులన్నీ తిరుగుతూ, దీపాలు ఆర్పండర్రా అని కేకలేసేవారు. ఎవరూ ఆయనకి ఆ పని చెప్పలేదు, వద్దనే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది. పసుపు బేరానికి దుగ్గిరాల నుంచి వచ్చిన ఒక షావుకారు జేబులో మూడు కలాలు కనపడ్డాయని, ఒకటి రాసుకోడానికి సరే, మిగతా రెండూ దేనికో చెప్పమని ఆయన్ని కొట్లో కూచోబెట్టేశారు, అమ్మ కాఫీ ఇచ్చి క్షమాపణ చెప్పి పంపించింది. నవ్వుతూ చెబుతున్నాను గాని, ఆయన దేశభక్తి మాత్రం ఉత్తుత్తిది కాదు. రేడియోలో చనిపోయిన జవాన్ల కబురు విన్నప్పుడల్లా ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఇక్కడ ఆయన కళ్లజోడు సంగతి చెప్పాలి. నాన్నగారికి గుండ్రటి కళ్లజోడు, అద్దాలు మందం, నిద్రపోయేటప్పుడు తప్ప తీసేవారు కాదు. అది తీస్తే ఆయన ఆయనలా ఉండరు, ఎవరో పొరుగూరి చుట్టంలా ఉంటారు. యుద్ధానికి ముందెప్పుడో పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడితే, కరపత్రం మీద వేయడానికి ఫొటో కావలసి వచ్చింది. స్టూడియో అతను అద్దాల మీద వెలుగు పడుతోందని కళ్లజోడు తీయించి ఫొటో తీశాడు. ఆ కరపత్రం చూసినవాళ్లు ఈయనెవరో బాగానే ఉన్నాడు గాని మనవాడు కాదల్లే ఉంది అనుకున్నారు, నాన్నగారు ఓడిపోయారు. ఓటమికి కారణం ఆ ఫొటోయేనని ఆయన జీవితాంతం నమ్మారు. నాకైతే ఆ విజిలు అలవాటు అప్పటికే మొదలైందేమోనని అనుమానం.

ఆ కరపత్రం అచ్చువేసింది నందిగామలో మా మావయ్య, అంటే మా మేనత్త భర్త. ఆయనకి చిన్న ప్రెస్సు ఉండేది, శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేసేవారు. మేనత్త నాన్నగారికి స్వయానా అక్కయ్య. వాళ్ల అబ్బాయి మా బావ, బొమ్మలు గీసేవాడు, ప్రెస్సులో ఉంటూనే ఊళ్లో కొట్లకి బోర్డులు కూడా రాసేవాడు. నన్ను బావకివ్వాలని మేం పలకలు పట్టుకున్ననాడే పెద్దవాళ్లు అనుకున్నారు. పెద్దవాళ్లు అనుకున్నవి చాలా ఉంటాయి, వాటిలో సగం మనకి నచ్చవు, ఇది మాత్రం నాకు నచ్చింది. నచ్చడమంటే మామూలుగా కాదు, నందిగామ బస్సు హారన్ వినపడితే వంటింట్లోంచి వీధిలోకి వచ్చేసేదాన్ని. ఇష్టమని పైకి చెప్పుకునే రోజులు కావు కాబట్టి, చెత్త పారబోయడానికి వచ్చినట్టు నిలబడేదాన్ని.

యుద్ధం అయిపోయి, ఆ తరవాత ఉద్యమాల గొడవ కూడా సద్దుమణిగి, బస్సులు మళ్లీ సవ్యంగా తిరుగుతున్న రోజుల్లో మావయ్యకి బొమ్మల కథల పుస్తకం నెలనెలా వేయాలని బుద్ధి పుట్టింది. పిల్లలు ఎక్కడెక్కడి పుస్తకాలో కొనుక్కుంటున్నారు, మన ఇంట్లోనే బొమ్మలేసేవాడుండగా మనం వేయకూడదా అన్నారు. బావ కళ్లు మెరిశాయి. ఉక్కుడేగ అని ఒక వీరుణ్ణి పుట్టించాడు, వాడికి రెక్కలూ మంచి మనసూ ఇచ్చాడు. విలన్‌గా శత్రు గూఢచారిని పెట్టి, వాడికి మండ్రగబ్బ అని పేరు పెట్టాడు. ఆ నల్ల తేళ్లు మా వైపు రాళ్ల నేలల్లో కనిపిస్తే ఇప్పటికీ జనం ఎగిరి గంతేస్తారు, అందుకని పేరు బాగా పట్టుకుంది. మండ్రగబ్బ ఎప్పుడూ ముసుగులోనే ఉంటాడు, మునేరు వంతెన పేల్చేయాలని చూస్తుంటాడు. మొదటి సంచికలు ఓ మాదిరిగా పోయాయి. వేసవిలో వచ్చే సంచికలో ఉక్కుడేగ వాడి ముసుగు లాగేస్తాడు, మొదటిసారి మొహం కనపడుతుంది, ఆ మొహం కోసం బావ వారాల తరబడి కాయితాలు చింపాడు.

బొమ్మ గీస్తే అచ్చయిపోయే రోజులు కావవి. గీసిన బొమ్మని బెజవాడ పంపితే అక్కడ జింకు రేకు మీద ఆసిడ్‌తో చెక్కి, చెక్కముక్కకి కొట్టి పంపేవాళ్లు, దాన్నే బ్లాకు అనేవాళ్లం. మండ్రగబ్బ మొహం బ్లాకు బస్సులో వచ్చింది, విప్పి చూస్తే ఆసిడ్ ఎక్కువ తినేసి ముక్కు లేదు. బావ లబోదిబోమని ఆ ముక్కులేని మొహం పట్టుకుని మళ్లీ చేయించడానికి బెజవాడ పరిగెత్తాడు. అవి పెళ్లిళ్ల రోజులు. శుభలేఖలవాళ్లు ప్రెస్సు గుమ్మంలో కూచున్నారు. ఉన్న అచ్చక్షరాలన్నీ ఈ పుస్తకంలో ఇరుక్కుపోయాయి, పుస్తకం అచ్చయి అక్షరాలు విప్పితే గాని శుభలేఖలు కూర్చడానికి లేదు. మావయ్యకి ఓపిక తక్కువ. బల్ల కింద పాత బ్లాకుల పెట్టెలో చెయ్యి పెట్టి, చేతికందిన మగమొహం బైటికి తీశారు. అది మా నాన్నగారి ఎలక్షన్ ఫొటో బ్లాకు.

ఆయనకి అది ఎవరిదో తెలుసు. తెలిసే వేశారు. గుర్తుపట్టకుండా మార్చేస్తే ఏం పోయిందని ఆయన ధీమా. ఎలా మార్చారయ్యా అంటే, గోడ పోస్టర్లకి వాడే పెద్ద చెక్క అక్షరాల్లోంచి రెండు సున్నాలు తీసి, పక్కపక్కన పెట్టి, అచ్చయిన మొహం మీద కళ్ల దగ్గర పడేలా రెండోసారి మిషనెక్కించారు. అదీ మారువేషం. కళ్లజోడు లేకుండా ఎవరూ గుర్తుపట్టని మనిషికి, గుర్తుపట్టకూడదని గుండ్రటి కళ్లజోడు పెట్టిన ఘనత మా మావయ్యదే. పైగా ఆ ముతక కాయితం మీద సిరా ఎక్కువ పడి మొహమంతా నల్లగా ఊరింది, ఆ నలుపులోంచి కళ్లు గుడ్లురిమి చూస్తున్నాయి. చూసి చాలా బాగా వచ్చిందనుకుని కట్టలు కట్టించి బస్సుకెక్కించేశారు. ముక్కు పెట్టించుకుని బావ తిరిగొచ్చేసరికి ప్రెస్సులో శుభలేఖలు నడుస్తున్నాయి.

ఆ మధ్యాహ్నమే పేటలో పుస్తకం దిగింది. మొదట ఇద్దరు పిల్లలు కొట్టు ముందు నిలబడి, పుస్తకం వంకా నాన్నగారి వంకా మార్చి మార్చి చూసి పరుగెత్తారు. కాసేపటికి పది మంది వచ్చారు, సాయంత్రానికి అరుగంతా పిల్లలే. ఊరికే నిలబడితే నాన్నగారు తరుముతారని, ఒక్కొక్కడూ ఒక్కో మేకు కొనుక్కునే వంకతో లోపలికొచ్చి, ఆయన మేకు తీసిస్తుంటే ఆ చేతిని చూసి వణికేవాడు. ఒకడు ధైర్యం చేసి గొడుగు ఎక్కడ పెట్టారండి అని కూడా అడిగాడు. నాన్నగారికి ఏమీ అర్థం కాలేదు. చివరికి పక్క కొట్టు పళ్ల వ్యాపారి నవ్వు ఆపుకుంటూ ఆ పేజీ తెరిచి చేతిలో పెట్టాడు. యుద్ధమంతా విజిలేసుకుని గూఢచారుల్ని వెతికిన మనిషి, ఎర్రదుప్పటి కప్పుకుని మునేరు వంతెన దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన పుస్తకం మడిచి జేబులో పెట్టుకుని, పెందలాడే కొట్టు కట్టేశారు. ఆ రాత్రి అన్నం దగ్గర కూచుని, ఆ ఇంటికి నా పిల్లనివ్వను, అని ఒక్క మాట అన్నారు.

అందరి మీదా కోపం వచ్చిన సమయం అది నాకు. నాన్నగారి బాధ న్యాయమైనదే, ఒప్పుకుంటాను, దేశం కోసం అంత తాపత్రయపడిన మనిషిని దేశద్రోహి పక్కన కూడా నిలబెట్టకూడదు. కాని తప్పు చేసింది మావయ్య, శిక్ష నాకా? శ్రావణంలో పెట్టుకుందామనుకున్న ముహూర్తం గాలికి పోయింది. మావయ్య వచ్చి ఒక్కసారి పొరపాటైంది అంటే సరిపోయేది, ఆయన రాలేదు సరికదా, ఎలక్షన్లో ఒక్కడూ చూడని మొహాన్ని ఇప్పుడు ఊరూరా చూస్తున్నారు, బావమరిదికి నేను చేసింది మేలు కాదా అని కబురంపారు. మధ్యలో బావ వచ్చాడు, నచ్చజెప్పడానికట. కుర్చీలో కూచుని నాన్నగారితో, "మావయ్యా, నేను గీసిన మండ్రగబ్బ వేరండి. మీ మొహం మెత్తగా ఉంటుంది, విలన్‌కి అసలు పనికిరాదు" అన్నాడు. అదేదో ఊరడింపు అనుకున్నాడు పాపం. నాన్నగారు లేచి లోపలికెళ్లిపోయారు. తలుపు సందులోంచి చూస్తున్న నాకు, ఆ మనిషిని అక్కడే నెత్తిమీద ఒకటి మొట్టాలనిపించింది.

చివరికి నాన్నగారు ఒక షరతు పెట్టారు. వచ్చే సంచికలో ఆ మనిషి శత్రువు కాదని, మనవాడేనని అచ్చులో చెప్పాలి, అప్పుడే పెళ్లి మాట. చిన్న కోరికే కదా. కాని బావ ససేమిరా అన్నాడు. శత్రు గూఢచారి శత్రు గూఢచారే, వాడు మంచివాడైపోతే ఉక్కుడేగ ఎవరితో పోరాడతాడు, "విలన్ అంటే అంతే" అన్నాడు. వాణ్ణి చంపేస్తాను గాని మార్చను అన్నాడు. చంపుతాననేసరికి మా అత్తయ్య గొల్లుమంది, పెళ్లి అనుకుంటున్న ఇంట్లో నా తమ్ముణ్ణి అచ్చులో చంపుతారా, అశుభం అని పొయ్యి వెలిగించనంది. మావయ్యేమో పేటలో పుస్తకాలు చాలడం లేదు, వాణ్ణి చంపొద్దు, మార్చొద్దు, ఏడాది పాటు అలాగే పారిపోతూ ఉండనీ అన్నారు. నలుగురూ నాలుగు వైపులా లాగుతున్నారు, మధ్యలో నా బతుకు. ఒక్కరంటే ఒక్కరు ఈ పిల్ల ఏమనుకుంటోంది అని అడిగిన పాపాన పోలేదు.

నాకు అన్నం సయించేది కాదు. పగలంతా పని చేసుకుంటూనే ఉండేదాన్ని, కంచం ముందు మాత్రం కాసేపు అన్నం కెలికి లేచిపోయేదాన్ని. అదే సందని ఒక పెద్దమనిషి జి.కొండూరు నుంచి వేరే సంబంధం కూడా తెచ్చాడు, కుర్రాడు బుద్ధిమంతుడట, బొమ్మలు గియ్యడట. నాన్నగారు వద్దనలేదు. ఆ మాట చెవిన పడ్డాక నేనిక ఆగలేదు. అత్తయ్యకి ఆవకాయ ఇచ్చి వస్తానని అమ్మతో చెప్పి, జాడీ ఒళ్లో పెట్టుకుని నందిగామ బస్సెక్కాను. జాడీ ఇంట్లో దింపి తిన్నగా ప్రెస్సులోకి వెళ్లాను. బావ సిరా చేతులతో లేచి నిలబడ్డాడు. కుశలప్రశ్నలేవీ పెట్టుకోలేదు. "శత్రువు నిజంగా తెలివైనవాడైతే సొంత మొహంతో ఎందుకొస్తాడు బావా, ఊళ్లో అందరూ నమ్మే మంచిమనిషి మొహం తొడుక్కుని వస్తాడు గాని" అన్నాను. అది మొహం కాదు, రెండో ముసుగు, దాని కింద నువ్వు గీసుకున్న మొహం ఉంటుంది, ముక్కుతో సహా, అని కూడా చెప్పాను. జి.కొండూరు సంగతి అప్పుడు చెప్పాను. అప్పుడు గాని ఆ కళాకారుడి మొహంలో రంగు మారలేదు. పెన్సిలు తీశాడు.

కథ చక్కగా కుదిరింది. మండ్రగబ్బ పేటలో ఒక నిజాయితీపరుడైన వర్తకుణ్ణి ఎత్తుకుపోయి, సున్నపురాయి క్వారీలో గుహలో బంధించి, ఆయన మొహం తొడుక్కుని తిరిగాడు. ఉక్కుడేగ ఆ రెండో ముసుగు కూడా లాగేసి, అసలు రాక్షసుణ్ణి తరిమి, వర్తకుణ్ణి విడిపించి చేతులు జోడించాడు. బావకి తన విలన్ దక్కాడు, మావయ్యకి మండ్రగబ్బ బతికే ఉన్నాడు, అత్తయ్య పొయ్యి వెలిగించింది. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఇక్కడితో అయిపోతే వీళ్లు మా వాళ్లు ఎలా అవుతారు. అచ్చువేసే రోజున మావయ్యకి బావమరిది మీద గౌరవం పొంగుకొచ్చింది. వర్తకుడి మొహం వేసేచోట, పెద్దమనిషి ఫొటో మీద ఆ పిచ్చి సున్నాలేమిటని, వాటిని తీసేసి, మంచి కాయితం మీద, సిరా సమంగా వేసి, ఆ ఎలక్షన్ ఫొటో ఉన్నదున్నట్టు అచ్చువేశారు. పేటలో ఒక్క పిల్లవాడూ ఆ వర్తకుణ్ణి గుర్తుపట్టలేదు. ఎవరో ముసలాయన్ని గుహలోంచి తీసుకొచ్చారు, మండ్రగబ్బ మాత్రం తప్పించుకుని ఎప్పట్లాగే ఇనపసామాను కొట్లో కూచున్నాడు అనుకున్నారు. మేకులకి మళ్లీ వస్తూనే ఉన్నారు.

ఆ సంచిక నాన్నగారి చేతికిచ్చి నేనూ అమ్మా పక్కనే నిలబడ్డాం. ఆయన ఆ పేజీ చాలాసేపు చూశారు. తరవాత పుస్తకం మూసి, బాగుంది, బావగారికి కబురు చెయ్యండి, ముహూర్తం చూసుకుందాం అన్నారు. ఆయనకి సంగతి తెలియలేదు, తెలియనివ్వకూడదు అని అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కార్తీకంలో పెళ్లయింది, మావయ్య పట్టుబట్టి నా శుభలేఖ రెండు రంగుల్లో అచ్చువేశారు, అందులో ముహూర్తం తప్పు పడితే చేత్తో దిద్ది పంచాం. ఆ విషయం ఇంకో రోజంతా తిట్టుకోవచ్చు.

పుస్తకం ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. మండ్రగబ్బ మాత్రం పేటలో పదేళ్లకి పైగా బతికాడు. నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని, అన్నలు తమ్ముళ్లకి చెప్పి, వాళ్లు వాళ్ల స్నేహితులకి చెప్పి, పుస్తకం ఎన్నడూ చూడని పిల్లలు కూడా కొట్టు ముందు గుసగుసలాడుకునేవాళ్లు. నాన్నగారు గుహ కథ చెబితే బుద్ధిగా వినేవాళ్లు, గూఢచారి ఎంత బాగా అబద్ధాలాడుతున్నాడో అని ఆశ్చర్యపోయేవాళ్లు. ఎనభైల్లో నాన్నగారికి చూపు బాగా తగ్గి కొట్టు ఎత్తేసే రోజుల్లో నేను అక్కడున్నాను. చందర్లపాడు స్కూల్లో మాస్టరీ చేస్తున్న ఒకతను చిన్న కొడుకుని చంకనెత్తుకుని వచ్చి, అదుగోరా, నా చిన్నప్పటి మండ్రగబ్బ అని ఆయన ఎదుటే చూపించాడు. నాన్నగారు కోపగించుకోలేదు, కళ్లు పెద్దవి చేసి, ఆ పిల్లాడి వైపు వేలు చూపించి, ఆ పుస్తకాల్లో విలన్లు నవ్వినట్టు భయంకరంగా నవ్వారు. పిల్లాడు కేరింతలు కొట్టాడు.

వాళ్లు వెళ్లాక నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, అంతా నాకు ఆ రోజే తెలుసమ్మా అన్నారు. ఆ బొమ్మ చూడగానే తెలిసిందట, ఊళ్లో ఒక్కడూ నమ్మడని, ఆ పేరు ఇక తనకి వదలదని. మరి బాగుందని ఎందుకన్నారు, ముహూర్తం ఎందుకు పెట్టించారు అని అడిగాను. ఆయన నన్ను చూడకుండా, తాళాల గుత్తి వెతుక్కుంటూ చెప్పారు, "నువ్వు కంచం ముందు కూచుని లేచిపోతున్నావు. శత్రువనిపించుకుంటే నాకేం పోతుందే" అని. దేశమంటే ప్రాణం పెట్టిన మనిషి ఆ మాట అంత తేలిగ్గా అనేశారు. నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. అంత మనసున్న మనిషి ఆ శ్రావణానికి ముందే ఆ ముక్క అని ఉంటే నేను అన్నాళ్లు కుమిలేదాన్నా. చెప్పరు, ఈ ఇంట్లో మగాళ్లు ఏదీ వేళకి చెప్పరు.

ఇప్పుడు పేటలో ఆ కొట్టు లేదు, నందిగామలో ఆ ప్రెస్సూ లేదు. బావ కళ్లజోడు సవరించుకుంటూ, ఆ రోజు ముక్కు సరిగ్గా వచ్చుంటే అంటూ మొదలెడతాడు, నేను లేచి వంటింట్లోకి పోతాను. ఈ రోజుల్లో మనిషిని శత్రువని అనడానికి ఆసిడ్ అక్కర్లేదు, బ్లాకు అక్కర్లేదు, పొద్దున్న లేచి ఫోను తెరిస్తే ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని దేశద్రోహి అని రాసి పంపిస్తారు, ఆ పంపినవాళ్లలో మనకి తెలిసిన మంచివాళ్లే ఉంటారు. వాళ్లు ఆ మనిషి గుమ్మంలోకి వెళ్లి ఎదురుగా నిలబడరు, ఆయన చేతిని చూడరు, ఆయన చెప్పే కథ వినరు. మా పేట పిల్లలు కనీసం వచ్చి చూశారు, చూసి చూసి ఆయన్ని ఇష్టపడ్డారు. అలా పేరుపడినవాళ్ల ఇళ్లల్లో కూడా కంచం ముందు కూచుని లేచిపోతున్న పిల్లలు ఉండే ఉంటారు. వాళ్ల సంగతి మాత్రం ఎవరూ రాసి పంపరు.